డిజైన్ మామ కంప్యూటర్‌లో ఏం నడుస్తోంది

ఆ రోజుల్లో మా హిందూపురంలో కంప్యూటర్ నేర్చుకున్న ఆడపిల్లకు ఒక ప్రత్యేకమైన నడక వచ్చేది. చెప్పులు బయట విడిచి, ఏసీ గదిలోకి వెళ్ళి వచ్చినవాళ్ళకు మాత్రమే అబ్బే నడక అది. నాకూ అబ్బింది. డిగ్రీ అయిపోయి, పెనుకొండలో ఒక చిన్న కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పే ఉద్యోగం దొరికిన కొత్తలో, మెడలో గుర్తింపు కార్డు వేలాడేసుకుని బస్సెక్కితే కండక్టర్ నన్ను 'మేడం' అన్నాడు (ఒక్కసారే అన్నాడు, అదీ చిల్లర లేదని చెప్పడానికి. ఆ ఒక్కసారినే తలచుకుంటూ చాలా కాలం గడిపాను). నిజానికి నాకు తెలిసిన విద్య నా విద్యార్థులకన్నా ఒక పాఠం మాత్రమే ముందుండేది. హిందూపురంలో బస్సెక్కి పుస్తకం తెరిస్తే పెనుకొండ కోట కనబడేసరికి ఆనాటి పాఠం నాకు వచ్చేసేది. బస్సు ఎక్కడైనా ఆగి టైరు మార్చుకుంటే ఆరోజు పిల్లలకు ఇంకొంచెం ఎక్కువ చదువు దక్కేది.

మా నాయనకు హిందూపురం బజారులో పరుపుల అంగడి ఉండేది. దూది ఏకడం, గుడ్డ గవిసెన్లలో నింపడం, పొడుగాటి సూదితో కుట్టడం, అన్నీ ఆయనే చేసేవాడు. ముక్కులో దూది, మీసంలో దూది, మాటలో మాత్రం నేను. "మా పాపకు కంప్యూటర్ లోపలంతా తెలుసప్పా" అని దిండు కొనడానికి వచ్చినవాళ్ళకు కూడా చెప్పి పంపేవాడు. కంప్యూటర్‌కు లోపల అనేది ఒకటుందని ఆయన నమ్మకం. ఆ లోపల అంతా నాకు తెలుసని ఇంకా పెద్ద నమ్మకం.

ఈ నమ్మకమే ఒకరోజు నన్ను ఇరికించింది. ధర్మవరం నుంచి నాయన చిన్ననాటి స్నేహితుడు అంగడికి వచ్చాడు. మేమంతా ఆయన్ని డిజైన్ మామ అనేవాళ్ళం. పట్టుచీరల అంచులకు, కొంగులకు బొమ్మలు వేసేవాడు. గళ్ళ కాగితం మీద ఒక్కొక్క గడికి రంగు నింపుతూ హంసో పువ్వో తయారుచేస్తే, ఆ గళ్ళను బట్టి అట్టలకు చిల్లులు కొట్టి మగ్గానికి తగిలిస్తారు. చీర మీద ఆ హంస వచ్చేస్తుంది. అయితే కాలం మారి, డిజైన్లు కూడా కంప్యూటర్‌లోనే వేయాలని ఆయనకు పని ఇచ్చే సావుకారు పట్టుబట్టడంతో, చూపు మందగించిన ఆ వయసులో మామ మౌసు పట్టడం నేర్చుకున్నాడు. నేర్చుకుని బాగానే వేస్తున్నాడు కూడా. తిప్పలు కంప్యూటర్‌తో వచ్చాయి.

"పొద్దున బాగానే ఉంటాదప్పా" అని మామ దూది మూట మీద కూర్చుని చెప్పుకొచ్చాడు. "మద్యాన్నం సంగటి తిని, మగ్గాల కాడికి పోయి వచ్చి కూర్చుంటానా, ఇంగ కదల్దు. గీత గీస్తే అది తెర మీదికి వచ్చేలోపల నేనొక కునుకు తీయొచ్చు."

"దానికీ తిన్నాక నిద్రొస్తాదేమోప్పా" అన్నాడు నాయన.

"నవ్వులాట కాదప్పా. అనంతపురం నుంచి మెకానిక్ వచ్చి చూసినాడు. అన్నీ బాగుండాయి అనేసి పోయినాడు. నిమ్మకాయ గూడా కట్టినా. శ్రావణం లోపల డిజైన్లు ఇయ్యకుంటే పని బెంగుళూరోళ్ళకు ఇచ్చేస్తానంటాండాడు సావుకారు. మళ్ళా గళ్ళ కాగితం పట్టుకుందామంటే నాకు కండ్లు యాడ ఉండాయి?"

నవ్వుతూ మొదలైన మాట అక్కడికి వచ్చేసరికి ఆయన గొంతు తగ్గింది. నాయన చేతిలో సూది ఆగింది. ఆగి, లోపల అన్నం తింటున్న నావైపు తిరిగి, "మా పాప చూస్తాది లేప్పా" అన్నాడు.

అప్పుడు నేను 'చూస్తాను మామా' అని ఊరుకుని ఉండాల్సింది. కానీ ఏసీ గది నడక ఊరుకోనివ్వదు. "కొన్ని ప్రోగ్రాములు కనపడకుండా లోపల్లోపలే నడుస్తా ఉంటాయి మామా. ఏమేం నడుస్తాండాయో అన్నిట్నీ ఆపరేటింగ్ సిస్టమ్‌నే అడిగి బయటికి తీస్తా" అన్నాను. (ఆ ముందురోజే బస్సులో చదివాను. పెనుకొండ వచ్చేయడంతో ఆ అధ్యాయం సగంలో ఆగింది.) మామ నావైపు ఆశగా చూశాడు. నేను తలవంచి, కలిపిన అన్నాన్నే మళ్ళీ కలిపాను.

ఆ కాలపు విండోస్‌లో మూడు మీటలు ఒకేసారి నొక్కితే నడుస్తున్న ప్రోగ్రాముల పేర్లు ఒక చిన్న పెట్టెలో వచ్చేవి. మెకానిక్ చూసింది అదే. కానీ దాక్కోవాలనుకున్న ప్రోగ్రాము ఆ పెట్టెలోకి రాకుండా దాక్కోగలదు. దాన్ని పట్టుకోవాలంటే మనమే ఒక ప్రోగ్రాము రాసి ఆపరేటింగ్ సిస్టమ్‌ను నేరుగా అడగాలి. అలా అడగడానికి అది తయారుగా పెట్టిన పిలుపులు కొన్ని ఉంటాయి. వాటినే ఏపీఐ అంటారు. ముందు, ఈ క్షణంలో నడుస్తున్న వాటన్నిటికీ కలిపి ఒక ఫోటో లాంటిది తీయమనాలి. తర్వాత అందులో మొదటిదాని పేరు చెప్పమనాలి. ఆ తర్వాత 'ఇంకొకటి, ఇంకొకటి' అంటూ, ఇక లేవు అనేదాకా అడుగుతూ పోవాలి. అంతే. చెప్పడానికి ఇంతే.

మా సెంటర్ యజమానిని మేము కంట్రోల్ సార్ అనేవాళ్ళం. ఏ కంప్యూటర్ మొరాయించినా ఆయన వచ్చి "కంట్రోల్ పట్టుకో" అనేవాడు. మీటను పట్టుకోమంటున్నాడో, మనసును పట్టుకోమంటున్నాడో ఎవరికీ తెలిసేది కాదు. ఆయన్ని బతిమాలి, పాఠాలు లేని సమయంలో మంచి కంప్యూటర్ మీద కూర్చుని ప్రోగ్రాము రాశాను. నడిపాను. తెర నల్లగా, శుభ్రంగా, ఖాళీగా ఉంది. ఒక్క పేరు కూడా రాలేదు. అంటే నా ప్రోగ్రాము చెబుతున్నదాని ప్రకారం ఆ కంప్యూటర్‌లో ఏదీ నడవడం లేదు, నా ప్రోగ్రాముతో సహా.

అలా రోజులు గడిచాయి. ఇంటికి వస్తే నాయన అడిగేవాడు కాదు. అడగకుండా నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేసేవాడు, అది ఇంకా కష్టంగా ఉండేది. చివరికి సంగతి తెలిసింది. ఆపరేటింగ్ సిస్టమ్ ఆ పేర్లను మనమిచ్చే ఒక ఖాళీ గిన్నెలాంటి దాంట్లో వేస్తుంది. ఆ గిన్నె ఎంత పెద్దదో మనం ముందే చెప్పాలి. చెప్పకపోతే తిట్టదు, కొట్టదు, మర్యాదగా 'లేదు' అంటుంది. పుస్తకంలో ఆ మాట రాసే ఉంది, నేను దిగిపోయిన తర్వాతి పేజీలో. ఆ ఒక్క వరుస రాసి నడిపేసరికి పేర్లు జలజలా రాలాయి. నేను కుర్చీలోంచి లేచిన చప్పుడుకు కంట్రోల్ సార్ పరిగెత్తుకొచ్చి, తెర మీదికి వంగి చాలాసేపు చదివి, "ఇంతమంది ఎవరమ్మా? నేను ఒక్క వర్డ్ కదా తెరిచింది" అన్నాడు అనుమానంగా.

ఆ ఉత్సాహంలో ఇంకో పిలుపు కూడా కలిపాను. ఏ పేరు అక్కర్లేదో దాని నంబరు కొడితే ఆ ప్రోగ్రాము ఆగిపోతుంది. అంతా ఫ్లాపీలోకి ఎక్కించి, ఆదివారం నాయనా నేనూ ధర్మవరం పాసెంజరు ఎక్కాం. నాయన మామ కోసం కొత్త దిండు ఒకటి కుట్టి తెచ్చాడు. ఫ్లాపీని నా చేతిలో ఉండనివ్వలేదు. "నువ్వు యాడన్నా పెట్టి మర్చిపోతావు, ఈడ ఇయ్యి" అని తన గుడ్డసంచి పక్కజేబులో భద్రం చేశాడు.

మామ ఇంట్లో అత్త బొరుగుల ఉగ్గాని, బజ్జీలు పెట్టింది. అత్త అంటే మామ భార్య. నాకు చిన్నప్పటినుంచి ఆ ఇల్లు తెలుసు. అప్పట్లో నడవాలో చాప పరచుకుని, పెద్ద గళ్ళ కాగితానికి అటు మామ, ఇటు అత్త కూర్చునేవాళ్ళు. మామ గీత గీస్తే అత్త గళ్ళకు రంగులు నింపేది. నింపుతూ నోరు ఊరుకునేది కాదు. "నెమలి మెడ ఇట్ల ఉంటాదా యాడన్నా, ఇది కొంగ" అనేది. ఆయన కొంగే అనేవాడు కాసేపు, కాదనేవాడు కాసేపు. ఇప్పుడు చాప లేదు. మామ గోడకు ఆనించిన బల్ల దగ్గర మనకు వీపు పెట్టి కూర్చుంటున్నాడు. అత్త వంటింటి గడప దగ్గర నిలబడి, "దాన్ని ఇప్పి చూస్తావా పాపా?" అని అడిగింది. ఆ గొంతులో కొంచెం కంగారు ఉందని నాకు తర్వాత గుర్తొచ్చింది.

సినిమాలో డాక్టరులా చేయి చాచాను. నాయన సంచిలోంచి ఫ్లాపీ తీసి ఇచ్చాడు. దానికి గుండ్రటి నల్లటి వస్తువొకటి అతుక్కుని వచ్చింది. నాయన దాన్ని ఊడబీకి సంచిలో వేసుకున్నాడు. నేను ఫ్లాపీ పెట్టి మీట నొక్కాను. ఇందులో ఏమీ లేదు, దీన్ని కొత్తగా తయారుచేయమంటారా అని కంప్యూటర్ అడిగింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే అడిగింది. అప్పుడు అడిగాను, "నాయనా, ఆ నల్లటిది ఏంది?" అని.

"అయస్కాంతం. పాత మైకులోది. కిందపడిన సూదులు ఏరేదానికి" అన్నాడు నాయన. తర్వాత నా ముఖం చూసి, "దానికీ దీనికీ ఏమైనా ఉండాదా?" అన్నాడు.

అయస్కాంతం తగిలితే ఫ్లాపీలో రాసిందంతా చెరిగిపోతుందని చెప్పక తప్పలేదు. తిరుగు బండిలో నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఎదురుగా నాయన. పెనుకొండ స్టేషన్లో బండి ఆగినప్పుడు శనక్కాయలు కొని, పొట్లం నా ఒళ్ళో పెట్టి, "తెలిసింటే దాన్ని ఇంట్లోనే ఇడిసి వస్తాంటి కదమ్మా" అన్నాడు. అంగడిలో అందరికీ నా గొప్ప చెప్పే మనిషి, నా పని తన చేత్తో చెరిగిపోయిందని అంత చిన్నగా అయిపోవడం నేను చూడలేకపోయాను. "ఇంగొకటి ఉండాది లే నాయనా, సెంటర్లో" అన్నాను. శనక్కాయలు ఇద్దరం తిన్నాం.

తర్వాతి ఆదివారం ఫ్లాపీ స్టీలు టిఫిన్ డబ్బాలో, గుడ్డలో చుట్టుకుని ప్రయాణం చేసింది. డబ్బా నాయన ఒళ్ళో ఉంది. హిందూపురం ప్లాట్‌ఫారం మీద మేము కూర్చున్న బెంచీ పైన మైకు ఉందని గమనించి, ఆయన నన్ను లేపి ఆ చివరికి నడిపించాడు. "మైకులో గూడా అది ఉంటాది కదా" అన్నాడు. బండిలో ఎవరో పెద్దాయన "డబ్బాలో ఏముండాదప్పా" అంటే, "మా పాప రాసిన పోగ్రాం" అన్నాడు. పెద్దాయన కొంచెం దూరం జరిగి కూర్చున్నాడు.

ఈసారి కావాలనే మధ్యాహ్నం దాటాక, కంప్యూటర్ మొరాయించే వేళకు చేరాం. మామ అప్పుడే మగ్గాల దగ్గర నుంచి వచ్చి కూర్చున్నాడు. నిజంగానే బాణం గుర్తు తెర మీద ఈడ్చుకుంటూ నడుస్తోంది. ఫ్లాపీ పెట్టాను. చదివింది. పేర్లు ఒక్కొక్కటే కిందికి దిగడం మొదలుపెట్టాయి. నేను పాఠం చెప్పే గొంతుతో పైకి చదువుతున్నాను. ఇది కంప్యూటర్‌ది, ఇది ప్రింటర్‌ది, ఇది మన డిజైన్లది. ఆ తర్వాత 'ప్యారట్' అని వచ్చింది. మళ్ళీ ప్యారట్. మళ్ళీ ప్యారట్. తెర అడుగుదాకా ప్యారట్, ప్యారట్ అని వస్తూనే ఉంది.

"ప్యారట్ అంటే?" అన్నాడు మామ.

"చిలక" అన్నాడు నాయన. (ఆయనకు తెలిసిన కొద్ది ఇంగ్లీషులో అదొకటి ఉండటం మా దురదృష్టం.)

కంప్యూటర్ అమ్మినవాళ్ళు ఇచ్చిన సీడీలో ఒక బొమ్మ చిలక వచ్చిందట. తెరిస్తే తెర మూలన వాలి, రెక్కలు ఆడిస్తూ ఇంగ్లీషులో పలకరిస్తుంది. మామకు విసుగు పుట్టి మొదటిరోజే మూసేశాడు. "ఆ పొద్దే మూసేస్తినే" అన్నాడు. నాకు వెంటనే అర్థమైంది. ఆ చిలకను మూస్తే బొమ్మ మాత్రమే పోతుంది, ప్రోగ్రాము లోపల నడుస్తూనే ఉంటుంది. మళ్ళీ తెరిస్తే ఇంకో కొత్త చిలక. రాత్రి కంప్యూటర్ ఆపితే అన్నీ పోతాయి, అందుకే పొద్దున బాగుంటోంది. అంటే ఎవరో రోజూ తెరిచి మూసి, తెరిచి మూసి చేస్తున్నారు. దొంగను పట్టిన పోలీసు ఆనందంతో ఆ మాట చెప్పబోతూ తలతిప్పాను. గడప దగ్గర కాఫీ గ్లాసులు పట్టుకుని అత్త నిలబడి ఉంది. లోపలికి రావడం లేదు, వెనక్కి పోవడం లేదు. నాయన కూడా చూశాడు. నా కాలి మీద కాలు వేశాడు.

"అది అట్లే మామా" అన్నాను. "ఒకసారి తెరిస్తే చాలు, దానంతట అదే పుడతా ఉంటాది."

ఏ పుస్తకంలోనూ లేని ఆ సిద్ధాంతాన్ని మామ తలాడిస్తూ నమ్మాడు. అత్త నమ్మలేదు. గ్లాసులు బల్ల మీద పెట్టింది.

"దానంతట అది యాడ పుడతాది? నేనే తెరుస్తాండా" అంది.

మామ ఆమె వైపు తిరిగాడు.

"నువ్వు మగ్గాల కాడికి పోతానే తెరుస్తా. అది గుడ్ ఆఫ్టర్నూన్ అంటాది, యట్లుండావు అని అడుగుతాది. ఏదో ఒకటి చెప్తా. నువ్వొచ్చే అలికిడైతే మూస్తా. పొరపాట్న మూసినానని ఒగోసారి మళ్ళా తెరుస్తా. దానివల్ల నీ పని చెడతాదని నాకు తెల్దు" అంది అత్త.

మామ తెర వైపు చూపించి, "అది ఇంగ్లీషులో కదా మాట్లాడేది. నీకేం అర్థమైతాది?" అన్నాడు.

"నువ్వు తెలుగులో మాట్లాడింటే అర్థమయ్యేదే. మాట్లాడవు కదా. ఆ పెట్టె వచ్చినప్పటినుంచి నీ వీపే చూస్తాండా నేను."

అత్త కోపంగా అనలేదు. కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినట్టు చెప్పింది. మామ కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు. ఆ గదిలో ఏం చేయాలో నాకు తెలియలేదు. తెలిసిన ఒక్క పనీ నంబరు కొట్టడమే కనుక, ఒక చిలక నంబరు కొట్టాను. ఆపమంటావా అని నా ప్రోగ్రాము నన్నే అడిగింది. ఇంగ్లీషు ప్రోగ్రామర్ల పుస్తకం చూసి రాసినదాన్ని కదా, ఆ మాటను 'కిల్' అని రాసిపెట్టాను. అది నాయన పైకి చదివేసి, అర్థం కూడా చెప్పేశాడు.

"చంపుతావా?" అంది అత్త.

"చంపేది కాదత్తా. నిద్ర పుచ్చేది."

"అయితే ఒకదాన్ని మేలుకోనీ పాపా. ఒక్కటి ఉంటే పనికి అడ్డం రాదు కదా" అంది. మామ తల పైకెత్తకుండానే, "ఉండనీమ్మా, ఉండనీ" అన్నాడు.

ఒక్కొక్కదాన్నే నిద్రపుచ్చి, అత్త చిలకగా ఒకదాన్ని తెర మూలకు తెచ్చాను. బాణం గుర్తుకు ప్రాణం లేచొచ్చింది. మామ కుర్చీలోకి జరిగి ఒక గీత గీశాడు. చేయి కదిలినంతలోనే గీత వచ్చేసింది. ఇంకో గీత గీశాడు. మూలన మిగిలిన చిలక రెక్కలాడించి ఏదో అంది. అందరికన్నా ముందు నాయన నవ్వాడు, ఆ నవ్వుకు మీసంలో మిగిలిన దూది పోగు ఎగిరింది. తర్వాత అత్త, చివరికి మామ. నవ్వుతూనే మామ పక్కనున్న స్టూలును కాలితో ముందుకు లాగి, "ఈడ కూర్చో, ఈ గళ్ళలో రంగు నింపేది నీకు చేతనైతాదేమో చూద్దాం" అన్నాడు. అత్త చేతులు కొంగుకు తుడుచుకుని కూర్చుంది. మౌసును గిన్నె పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుంది. రంగు ఒక గడిలో పడాల్సింది చీరంతా పడింది. "నాది కాదు తప్పు, నువ్వు గీసింది సందు ఇడిసినావు" అంది. మామ లేదన్నాడు. ఉందని అత్త వేలుపెట్టి చూపించింది. ఉంది. మేము బండి టైమైందని లేచి చెప్పులేసుకునేదాకా వాళ్ళిద్దరూ దాని గురించే మాట్లాడుకుంటున్నారు. సాగనంపడానికి కూడా ఎవరూ బయటికి రాలేదు.

ఆ శ్రావణానికి డిజైన్లు వెళ్ళాయి. పని బెంగుళూరు పోలేదు. అత్త రంగులు నింపడంలో మామను మించిపోయిందని తర్వాత విన్నాం. ఆమె నోటినుంచే విన్నాం కాబట్టి కొంత తగ్గించుకోవచ్చు. చిలక సంగతి కూడా ఆమే ఇప్పటికీ పెళ్ళిళ్ళలో అందరికీ చెప్పి నవ్విస్తుంది కనుక, నేనిక్కడ రాసినందుకు ఏమీ అనుకోదు.

కానీ చిలకలు దొరికిన మరుసటి రోజుకు ఆమె అనుమతి ఇంకా లేదు కదా. సోమవారం నేను సెంటర్‌కు వెళ్ళేసరికి కంట్రోల్ సార్ కాసుకుని ఉన్నాడు. ఆయన వెనక పిల్లలంతా కూడా. వారాల తరబడి నేను ఊదరగొట్టిన ప్రోగ్రాము కదా, అది దేన్ని పట్టుకుందో వినాలని అందరికీ ఉబలాటం. "ఏం దొరికిందమ్మా లోపల?" అన్నాడు సార్. బస్సులో వచ్చేటప్పుడు నేను ఆ కథంతా మనసులో చెప్పుకుంటూనే వచ్చాను, ఎక్కడ ఆపాలో, ఎక్కడ వాళ్ళు నవ్వుతారో కూడా చూసుకున్నాను. తీరా నోరు తెరిస్తే, కాఫీ గ్లాసులు బల్ల మీద పెడుతున్న అత్త చేతులు కనబడ్డాయి. "ఏం లేదు సార్. మెమరీ తక్కువుండాది, అంతే" అన్నాను. "ఈ మాత్రానికేనా అంత ప్రోగ్రాం" అని ఆయన పెదవి విరిచి వెళ్ళిపోయాడు. పిల్లలు తమ కంప్యూటర్ల వైపు తిరిగారు. నేను చాక్‌పీసు తీసుకుని బోర్డు మీద ఆనాటి పాఠం రాయడం మొదలుపెట్టాను. ఏది తెలిసినా నలుగురికి చెప్పకపోతే అన్నం సయించని ఆ పిల్ల, ఉద్యోగంలో తాను సాధించిన మొట్టమొదటి ఘనకార్యాన్ని అలా మింగేసి ఊరుకుంది. ఆమె రాసిన ప్రోగ్రాములు ఇప్పుడు చూస్తే నాకు నవ్వొస్తుంది. ఆమెను తలచుకుంటే మాత్రం ఆ సోమవారం దగ్గర ఒక్క క్షణం ఆగి, అటువైపు చూసి, ముద్దుగా నవ్వుకుంటాను.